పటాలం ఓడల్లో బడిపిల్లలు

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అనే పేరు ఇప్పుడు మనవాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవచ్చు. దాని ఓడలు మాత్రం కోస్తా కుటుంబాల కథల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాకినాడలో, విశాఖపట్నంలో, భీమునిపట్నంలో పడవలెక్కి, తీరానికి దూరంగా లంగరేసిన పొగఓడను అందుకుని, డెక్కు టిక్కెట్టుతో రంగూన్ కూలికి పోయినవాళ్ల మనవలు ఉత్తరాంధ్రలో ఇవాళ్టికీ కనిపిస్తారు. 1856లో విలియం మెకినన్ కలకత్తా, బర్మాల మధ్య ఓడలు నడపడానికి పెట్టిన కంపెనీ అది. 1862లో పేరు మార్చుకుంది. మరో వందేళ్లకు ఇదే కంపెనీ బ్రిటన్ బడిపిల్లల్ని, వాళ్ల టీచర్లని గుంపులు గుంపులుగా విదేశాలకు తిప్పి పేరు తెచ్చుకుంది.

విద్యాయాత్రల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఆశయాల దగ్గర మొదలుపెడతారు. లోకం చూస్తే చదువు వంటబడుతుందన్న మాట ఎవరూ కాదనలేరు కాబట్టి అది సులువైన దారి. ఈ కంపెనీ విషయంలో మాత్రం జమాఖర్చుల పుస్తకం ముందు తెరవాలి. ఇండియాకు బ్రిటిష్ పటాలాలను చేరవేసే కంపెనీ ఓడలు చల్లని నెలల్లోనే నడిచేవి. ఎండాకాలమంతా రేవులో ఖాళీగా పడి ఉండేవి. 1930ల తొలినాళ్లలో న్యూరాలియా, నెవాసా అనే రెండు పటాలం ఓడల మీద ఆ ఖాళీ నెలల్లో మగపిల్లల బృందాలను తీసుకెళ్లడం మొదలైంది. సిపాయిలు పడుకున్న చోటనే పిల్లలూ పడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఆ ముచ్చట ఆగిపోయింది. న్యూరాలియా 1945 మేలో ఇటలీ దగ్గర మందుపాతర తగిలి మునిగింది.

రెండో విడత కథ డునేరాతో మొదలవుతుంది. 1937లో గ్లాస్గోలో పటాలాల కోసమే కట్టిన ఓడ అది. దీని పాత చరిత్ర ఒకటి చెప్పుకోక తప్పదు. 1940 జులైలో బ్రిటిష్ ప్రభుత్వం సుమారు 2,500 మందిని లివర్‌పూల్‌లో ఈ ఓడ ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపేసింది. వాళ్లలో ఎక్కువమంది హిట్లర్ బారి నుంచి పారిపోయి వచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ యూదులు. శత్రుదేశస్థులన్న ముద్ర వేసి నిర్బంధించారు. పదహారేళ్ల కుర్రవాళ్లు కూడా ఉన్నారు. ప్రయాణం 57 రోజులు. ఊగే గుడ్డ ఉయ్యాలలు చాలక, భోజనాల బల్లల మీద, కింద నేల మీద పడుకున్నారు. కాపలా సిపాయిలు వాళ్ల పెట్టెలు దోచుకున్నారు. ఆ తర్వాత విచారణ జరిగింది, కొందరికి శిక్షలూ పడ్డాయి.

ఇరవయ్యేళ్లు గడిచేసరికి బ్రిటన్‌కు అన్ని పటాలాలూ లేవు, వాటిని పంపాల్సిన అన్ని వలసలూ లేవు. ఉన్న కొద్దిమందినీ విమానాల్లో పంపితే చవకని ప్రభుత్వం తేల్చుకుంది. డునేరా కాంట్రాక్టు 1960లో పోయింది. కంపెనీ దాన్ని తుక్కుకు అమ్మకుండా మరమ్మతు చేయించి, సిపాయిల డెక్కుల్లో రెండంతస్తుల మంచాలు వేయించి, తరగతి గదులు కట్టించి, 1961లో సుమారు 830 మంది విద్యార్థులు పట్టే బడిగా సముద్రంలోకి దింపింది. మరుసటి ఏడాది మరో పాత పటాలం ఓడ కొని దానికి డెవోనియా అని పేరు పెట్టింది. 1956 నాటి కొత్త నెవాసా కూడా పటాలాల పని పోగొట్టుకుని, కొన్నాళ్లు ఊరికే లంగరేసుకుని ఉండి, 1965లో ఈ వరుసలో చేరింది.

ఓడలో బతుకు ఎలా ఉండేదో కాస్త చూడాలి. విద్యా వ్యవహారాలకు ఒక డైరెక్టరు. ఆడపిల్లల గదులకు మేట్రన్లు. ఒక్కో బడి నుంచి వచ్చిన జట్టుకు దాని టీచరే పెద్ద. ఓడ రేవు చేరబోయే ముందు పిల్లలందరినీ హాల్లో కూచోబెట్టి ఆ ఊరి గురించి ఉపన్యాసం చెప్పేవారు. దిగాక బస్సులెక్కి శిథిలాలో, మసీదులో, మ్యూజియమో చూసి తిరిగి ఓడకు చేరడం. తిండి దగ్గర పళ్లెం పట్టుకుని వరసలో నిలబడాలి. పై అంతస్తుల్లో ఎక్కువ డబ్బిచ్చి కేబిన్లు తీసుకున్న పెద్దలు వేరే ఉండేవారు. అటువైపు పిల్లలు పోకూడదు. ఆఫీసర్లు పైన, సిపాయిలు కింద ఉండే పాత ఏర్పాటు ఓడతో పాటే బడికీ సంక్రమించిందన్నమాట. వడ్డించేవాళ్లలో చాలామంది గోవావాళ్లు, డెక్కు పనివాళ్లు భారతీయులు. ఆ పిల్లలు రేవుల్లో దిగి చూసిన విదేశం కొంతైతే, మంచాల మధ్య రోజూ తిరిగే విదేశం కొంత. దీని మీద కూడా ఒక ఉపన్యాసం ఉండుంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

అన్నిటికన్నా పేరు పడ్డది ఉగాండా. 1952లో లండన్, తూర్పు ఆఫ్రికాల మధ్య తిరగడానికి కట్టారు. పొగతాగే గదిలో ఏనుగు దంతాలు అలంకరించిన దర్జా ఓడ. ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి, ప్రయాణికులు విమానాలకు మళ్లారు. సరుకు పెట్టే అరలను పడక గదులుగా మార్చి 1968లో దీన్నీ బడి చేశారు. చమురు ధరలు పెరిగాక 1975లో నెవాసాను తైవాన్‌లో విరగ్గొట్టారు. డునేరా, డెవోనియాలు అప్పటికే పోవడంతో ఉగాండా ఒక్కటే మిగిలింది.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా బ్రిటన్ ఏలుబడిలోని ఫాక్లాండ్ దీవులను ఆక్రమించింది. ఉగాండా అప్పుడు సుమారు 940 మంది పిల్లలతో మధ్యధరా సముద్రంలో యాత్ర చేస్తోంది. ఆసుపత్రి ఓడగా కావాలని బ్రిటిష్ ప్రభుత్వం కబురు పెట్టింది. పిల్లలని నేపుల్స్‌లో దింపేసి ఓడ జిబ్రాల్టర్ వెళ్లింది. మూడే రోజుల్లో వెనక భాగాన హెలికాప్టర్ దిగే వేదిక అమర్చి, బడి పడకల చోట వార్డులు ఏర్పరచి, తెల్ల రంగు పూసి ఎర్ర శిలువలు గీశారు. యుద్ధంలో ఈ ఆసుపత్రి 700 మందికి పైగా క్షతగాత్రులను చూసింది. వాళ్లలో అర్జెంటీనా సైనికులూ ఉన్నారు.

ఆగస్టులో సౌతాంప్టన్‌కు తిరిగొచ్చి, సెప్టెంబరులో మళ్లీ పిల్లలను ఎక్కించుకుంది. అది నాలుగు నెలలకు మించి సాగలేదు. ఫాక్లాండ్‌కు సైనికులను, సామాన్లను చేరవేయడానికి ప్రభుత్వం రెండేళ్ల అద్దె ఇస్తానంటే 1983 జనవరిలో కంపెనీ ఒప్పుకుంది. ఏ సీజనుకు ఎన్ని బడులు వస్తాయో తెలియని బేరం కన్నా సర్కారు అద్దె నిలకడైనది. సిపాయిలు లేక పిల్లల్ని వెతుక్కున్న కంపెనీ, సిపాయిలు దొరకగానే పిల్లల్ని వదిలేసింది. ఆ అద్దె 1985లో ముగిసేనాటికి ఓడ వయసు 33 ఏళ్లు. మరో మరమ్మతుకు ఎవరూ ముందుకు రాలేదు, 1986లో తైవాన్‌కు తుక్కు కింద అమ్మేశారు.