ఇంటిమొగము – ఇంటి అమ్మకము

ఇల్లు అమ్మదలచిన గృహస్థు మొట్టమొదట వెదకునది కొనువానిని కాదు, వెల్ల వేయువానిని. మా మాక్లూరులో దీనిని నేను పలుమారులు చూచితిని. వీధిగోడకు రంగు, దర్వాజకు నూనె, అరుగునకు క్రొత్తపూత, అటుపిమ్మట బేరము. ఈ యాచారము తాతలనాటిదని యెల్లరును తలతురు. వెల్ల వేయుట తాతలనాటిదే. అమ్ముటకై వెల్ల వేయుట మాత్రము మనవైపు నిన్నమొన్నటిదని నా తలపు. ఎట్లని యడుగుదురేమో! ప్రాచీనులు ఇంటిని ఏ రీతిని అమ్మవలెనని విధించిరో ముందుగా చూతము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణమున, తొమ్మిదవ అధ్యాయమున వాస్తువిక్రయమను ప్రకరణ మున్నది. కొనుటకు మొదటి హక్కు జ్ఞాతులది, తరువాత ఇరుగుపొరుగువారిది, ఆ పిమ్మట అప్పిచ్చినవారిది; వారొల్లనప్పుడే ఇతరులది. ఇల్లు అమ్మునపుడు ఆ యింటి యెదుటనే, నలువది ఇరుగుపొరుగు కుటుంబములవారు వినుచుండగా, ఆ సంగతి చాటింపవలెను. ఈ వెలకు కొనువారెవ్వరని ముమ్మారు పిలిచి, అడ్డుచెప్పువారు లేనిచో కొనువాడు కొనవచ్చును. అంతవఱకు వింత లేదు. పోటీవలన వెల పెరిగినచో ఆ పెరిగిన సొమ్ము సుంకముతో కూడ రాజుగారి బొక్కసమునకు పోవును! ఇక ఇంటిమొగమునకు మెఱుగుపెట్టి పాట పెంచుటవలన యజమానికి మిగులున దేమి? అదియు గాక, ఆ గోడ ఏ వానకు కూలినదో, ఏ యేట మరల లేచినదో ఆ నలువది యిండ్లవారికిని తెలియును. వారి కన్నులకు సున్నపుపూత అడ్డము రాదు.

మనకు నైరుతిదిక్కున బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణము ఒకప్పుడు పశ్చిమచాళుక్యుల రాజధాని. అచ్చట ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్యను రచించెను. స్థావరమునకు అసలు విక్రయమే లేదన్న పూర్వవచనమును ఆయన చర్చించెను. అమ్మక తప్పనిచో దానమువలె హిరణ్యోదకములతో ఈయవలెను; గ్రామమువారు, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు సమ్మతింపవలెను. గ్రామమువారి సమ్మతి వ్యవహారము బహిరంగమగుటకు, పొరుగువారి సమ్మతి పొలిమేర తగవు రాకుండుటకు అని ఆయన తీర్చి చెప్పెను. అనగా ఇంటిమొగము నాడు సాక్షులు నిలుచు చోటు. నేడది సరకుపై చుట్టిన కాగితము.

అట్లని పూర్వులు ఇంటిమొగమును అలక్ష్యము చేసిరని తలపరాదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున బృహత్సంహితలో వజ్రలేపమను పూతను వర్ణించెను. తుమికిపిందెలు, వెలగపిందెలు, బూరుగుపూలు, వస మొదలగువానిని నీటిలో కాచి, ఎనిమిదవవంతు మిగులువఱకు ఇగిర్చి, అందు గుగ్గులు, అవిసె, మారేడు వంటివి నూరి కలిపి, ప్రాసాదములకును గోడలకును బావులకును వేడిగా పూయవలెనట. అది కోటియేండ్లు నిలుచునని ఆయన మాట. ఆ లెక్కను మనము కొంత తగ్గించుకొనవచ్చును. ఇక మన పల్లెలలో వజ్రలేపమేల? గోడకు సున్నము, అడుగున జాజుపట్టె, గడపకు పసుపు, వాకిట సాన్పి, దానిపై ముగ్గు. ఇది యంతయు సంక్రాంతికి, దసరాకు, ఇంటిలో పెండ్లి కుదిరినపుడు జరుగును. ఇంటిలో ఉండువారికొఱకు, ఇంటికి వచ్చు లక్ష్మికొఱకు, అల్లునికొఱకు చేసిన అలంకారమది. వెలకొఱకు కాదు.

మార్పు నీటితో వచ్చినది. మంజీరపై నిజాంసాగరము 1923లో మొదలై 1931నాటికి పూర్తియయ్యెను. 1937లో బోధనుయొద్ద నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. కాలువక్రింద చెఱకు, వరి పండుచుండగా కోస్తాజిల్లాల రైతులు కుటుంబములతో తరలివచ్చి భూములు కొని, కాంపులని పేరుపొందిన క్రొత్త ఊళ్లను కట్టుకొనిరి. అప్పటినుండి కొనువాడు జ్ఞాతియు కాడు, పొరుగువాడును కాడు. బండి దిగి వచ్చిన క్రొత్తవాడు. ఇంటి చరిత్ర అతనికి తెలియదు, మొగమొక్కటే కనబడును. 1970 తరువాత మన జిల్లావారు గల్ఫుదేశములకు పోయి పంపిన సొమ్ముతో స్లాబు ఇండ్లు లేచెను. వాని ప్రక్కన పాత మట్టియిల్లు చిన్నబోయెను. చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, రంగుల ముచ్చట మాత్రము మూతపడలేదు.

కొన్ని యేండ్లక్రిందట మా ఊరి వృద్ధగృహస్థు ఒకరు, భార్య వైద్యముకొఱకు ఇల్లు అమ్మవలసివచ్చి నన్ను సలహా యడిగిరి. మట్టిగోడల పెంకుటిల్లు, వెనుకగోడలో నిలువుబీట. మధ్యవర్తి యొకడు ముందుగోడకంతకు సిమెంటు మెత్తించి రంగు వేయుమనియు, బీటను పూడ్చి దానియెదుట ధాన్యపు బస్తాలు పేర్చుమనియు బోధించెను. నేనొక ముసలి తాపీమేస్త్రీని పిలిపించితిని. ఆయన గోడపై చేయి వేసి చూచి, "మట్టిగోడకు సిమెంటు తొడిగితే లోని తేమ బయటికి రాదు పంతులుగారూ, రెండు వానలకు పెచ్చులూడుతది" అనెను. సున్నమట్లు కాదు. అది గోడను ఊపిరి పీల్చుకొననిచ్చును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తాను మరల రాయియగును. పలుగురాయి లేని సున్నమును నీట విరియించి, కొన్నిదినములు నాననిచ్చి, గుడ్డతో వడకట్టి, తుమ్మబంక కొంచెము కలిపి, తడిపిన గోడపై పలుచగా రెండుమూడు పూతలు వేయవలెను. చిక్కగా ఒకేపూత వేసినచో పొరలై రాలును. ఆ మాట ప్రకారమే జరిగినది. పగిలిన పెంకులు మార్పించి, చూరు నీరు గోడమీద పడకుండ చేసి, దర్వాజకు అవిసెనూనె పట్టించితిమి. చెదపురుగు తిన్న దూలమొకటి లేకపోలేదు, దానిని మార్చిరి.

బీట సంగతి చెప్పవలెనా వద్దా యని ఆ యింట పెద్ద తర్జనభర్జన జరిగినది. వారి కుమారుడు, అడుగనిది చెప్పుట యెందుకనెను. వైద్యపు ఖర్చు తరుముచుండగా అట్లనుట సహజమే. నేను రెండు సంగతులు చెప్పితిని. దోషములేనిదని చూపి దోషముగలదానిని ఇచ్చినవాడు వెలకు రెట్టింపు ఈయవలెననియు, అంతకంతయు దండుగ కట్టవలెననియు నారదస్మృతి. 1882నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షనును దగ్గఱ మాటయే చెప్పుచున్నది: అమ్మువానికి తెలిసి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యదోషమును అమ్మువాడే బయటపెట్టవలెను. బస్తాలచాటున దాచిన బీటను ఏ కోర్టు మన్నించును? గోడను శుభ్రపఱచుట వేఱు, గోడచే అబద్ధమాడించుట వేఱు.

మొదట వచ్చినవాడు బీటను విని వెనుదిరిగెను. ఆ రాత్రి ఆ కుమారుడు నాతో మాటలాడలేదు. పదిదినములకు మఱియొకరు వచ్చి, బీటకై వెల తగ్గించి కొనిరి, మేమాశించినదానికంటె తక్కువయే. వైద్యమునకు మాత్రము సరిపోయినది. కొన్నవారు వెనుకగోడను ఆ యేడే పడగొట్టి తిరిగి కట్టుకొనిరి. ముందుగోడకు సంక్రాంతి సంక్రాంతికి ఆ సున్నమునే వేయించుచున్నారు.