తండ్రి సర్వీసు, బిడ్డ పింఛను

ఫామిలీ పింఛను నిబంధనలు కంఠస్థమైన మన సభ్యులకు ఈ చరిత్ర ఆసక్తికరంగా ఉండగలదు. వియత్నాంలో 1962 నుండి 1971 వరకు అమెరికా సైన్యం అడవులపైన, పైరుపైన ఆకురాల్చే మందులు చల్లించింది. వాటిలో ముఖ్యమైనది ఏజెంట్ ఆరెంజ్. పీపాలపై నారింజరంగు పట్టీ ఉండుటచే ఆ పేరు వచ్చింది. తయారీలో దానిలో చేరిన డయాక్సినే అసలు విషం.

నదీతీరపు పొదలలో శత్రువు మాటువేయకుండా అక్కడ మందు చల్లించినది అడ్మిరల్ ఎల్మో జుమ్వాల్ట్. ఆ నదులలోనే గస్తీ పడవ నడిపిన ఆయన కుమారుడు 1988లో కాన్సరుతో మరణించాడు. మనుమడు పుట్టుకతోనే లోపం గలవాడు. కారణం ఆ మందేనని ఆ తండ్రీకొడుకులు నమ్మారు. అయినా దానివల్ల నావికుల ప్రాణాలు దక్కాయనే అడ్మిరల్‌గారు చివరివరకు అన్నారు. తీర్పు చెప్పడానికి మనమెవరం?

వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన సైనికుల బిడ్డలకు నెలసరి భత్యమిచ్చే చట్టం 1996లో వచ్చింది. తల్లి అక్కడ పనిచేసి ఉంటే ఇంకా అనేక పుట్టులోపాలకు భత్యమివ్వాలని 2000లో మరో చట్టం చేశారు. తండ్రి పనిచేస్తే మాత్రం ఆ వెన్నెముక లోపం ఒక్కదానికే! ఈ తేడా ఆ కుటుంబాలకు నేటికీ మింగుడుపడలేదు.

వియత్నాం బాధితులు అమెరికాలో వేసిన దావాను 2005లో కొట్టివేశారు. 2009లో అక్కడి సుప్రీంకోర్టు విచారణకే స్వీకరించలేదు.