చౌరస్తా నుంచి గేటు దాకా: హైదరాబాదు వీధుల అనుసంధానం

నగర విస్తరణను వైశాల్యంతో, జనాభాతో కొలవడం చరిత్ర రచనలో పరిపాటి. వీధులు పరస్పరం ఎట్లా కలుస్తున్నాయన్నది అంతగా పట్టించుకోని కొలమానం. కూడలిలో ఎన్ని దారులు కలుస్తాయి, ఎన్ని దారులు మధ్యలోనే ఆగిపోతాయి అన్న ప్రశ్నలతో హైదరాబాదును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1578లో మూసీపై వెలసిన పురానాపూల్ గోల్కొండను దక్షిణ తీరంతో కలిపింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా స్థాపించిన నగరానికి చార్మినార్ కేంద్రం. నాలుగు దిక్కుల రాజమార్గాలు అక్కడ కలిశాయి. ఒక చౌరస్తాయే ఈ నగరానికి పునాది. అయినా దానిని ఆదర్శ నగరంగా చిత్రించడం సరికాదు. ప్రధాన వీధుల వెనుక గల్లీలు అనేకం గోడ వద్దనే ముగిసేవి. ప్రభువుల దేవిడీలు ప్రాకారాలతో దారికి అడ్డుగా నిలిచేవి. 1908 మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడల నడుమ పత్తర్‌గట్టి వంటి విశాల వీధులను తెరిచింది. కాలక్రమంలో పెక్కు దేవిడీలు విభజనకు లోనై, వాటి నేలమీద ఇళ్లు, దారులు వెలిశాయి. మూసుకున్నది తెరుచుకోవడం ఈ దశలోని ధోరణి.

1998లో హైటెక్ సిటీ ప్రారంభమైన తరువాత పశ్చిమాన సాగిన విస్తరణ ఇందుకు భిన్నం. మాదాపూర్, కొండాపూర్ పరిసరాల భూములు వేర్వేరు యజమానుల చేతుల్లో వేర్వేరు లేఅవుట్లయ్యాయి. ప్రతి లేఅవుటుకూ ప్రధాన రహదారికి చేరే దారి కావాలి. పక్క లేఅవుటుతో కలిసే దారి వల్ల విక్రేతకు లాభం లేదు. గేటెడ్ కమ్యూనిటీ ఈ తర్కానికి పరాకాష్ఠ. గోడకు ఇరువైపులా ఉన్న పొరుగువారు ఒకరినొకరు చేరాలంటే రహదారి మీదుగా చుట్టి రావలసిందే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దూరప్రాంతాలను దగ్గర చేసింది. నిర్ణీత స్థలాల్లో మాత్రమే ప్రవేశమిచ్చే ఆ మార్గం పొరుగు వీధులను కలపజాలదు.

ఈ మార్పుకు పలుకుబడి కూడా సాక్ష్యమే. పాతనగరంలో చిరునామాకు ఆనవాళ్లు కమాన్, చౌరస్తా, దర్వాజా. కొత్త ప్రాంతాల్లో ప్రాజెక్టు, టవరు, గేటు. దర్వాజా కూడా ద్వారమే. కానీ అది నగరపు పొలిమేరలో ఉండేది. నేటి గేటు నగరం లోపలే వెలిసింది.

భవనాలు తరానికొకసారి మారవచ్చు. వీధి గీత మాత్రం శతాబ్దాలు నిలుస్తుంది. చార్మినార్ వద్ద ఆ నాలుగు దారుల కూడలి నేటికీ చెదరలేదు. లేఅవుటు గీసేనాడు విడువని దారిని తరువాత తెరవాలంటే ఇళ్లు కూల్చవలసి వస్తుంది. కనుక లేఅవుటు పటాలను భూమి పత్రాలుగానే గాక, నగర చరిత్రకు మూలాధారాలుగానూ చదవడం అవసరం.