విమానములో బ్యాటరీ నిప్పు



సముద్రములు దాటిపోయిన బిడ్డ లేని వీథి నేడు మన గ్రామములలో అరుదు. వారిని చూచివచ్చుటకై మనబోటి వృద్ధులును విమానము లెక్కుచున్నారు. నేనును మూడేండ్ల క్రిందట అమెరికాలోనున్న మా కుమార్తె యింటికి బోవుచు ఒక విమానాశ్రయములో నవ్వులపాలైతిని. నేటి ప్రసంగమునకు ఆ సంగతియే మూలము.

మా మనుమడిచ్చిన పవర్‌బ్యాంకు ఒకటి నాయొద్ద నుండెను. సెల్‌ఫోనునకు దారిలో విద్యుత్తు నెక్కించు బ్యాటరీకే ఆ పేరు. చేతనుండిన పోగొట్టుకొందునని తలచి, దానిని పెద్దపెట్టెలో ఆవకాయ జాడీకిని దుప్పటికిని నడుమ భద్రముగా నిమిడ్చితిని. పెట్టెను తూచి, చీటి యంటించి, లోనికి బంపిన కొంతసేపటికి నా పేరు బిగ్గరగా బిలిచిరి. పోయి చూడగా పెట్టె బల్లమీద నున్నది. తాళము తీయుమనిరి. నలుగురి యెదుట పంచెలు, పొడుల పొట్లములు, జాడీ యన్నియు వెలికి వచ్చినవి. అచటి యువకుడు ఆ బ్యాటరీని నా చేతిలో బెట్టి, "ఇది క్రింది సామానులో పోగూడదు. మీతోనే పైకి తీసుకుపోవాలి" అనెను.

నాకు కోపము వచ్చినది. "నాయనా, ఇది అపాయకరమైనదైనచో మనుష్యులకు దూరముగా క్రిందనే యుండనిమ్ము. మూడువందలమంది కూర్చుండు చోటికి దీనిని నా చేతికిచ్చి పంపుట యేమి తర్కము?" అని యడిగితిని. "రూలు అంతే తాతగారూ" అని యతడు బదులు చెప్పెను. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పినవాడను. "సూత్రము అంతే" యని పిల్లవానిని కూర్చుండబెట్టిన దినములు నాకును గలవు. సూత్రమునకు హేతువు నాకు తెలియని దినములే అవి. కావున తిరిగివచ్చిన పిదప ఆ రూలు పుట్టుపూర్వోత్తరములను చదువ మొదలిడితిని. చదివినకొలది నా కోపము చల్లారి, దాని స్థానమున మరియొకటి చేరినది.

బ్యాటరీ క్రొత్తది కాదు. 1800లో ఇటలీ దేశస్థుడగు వోల్టా మొదటిదానిని గూర్చెను. 1859లో ఫ్రాన్సువాడగు ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లములో ముంచి, మరల మరల విద్యుత్తు నెక్కించుకొనదగిన బ్యాటరీని నిర్మించెను. మన ట్రాక్టరులలో నేటికిని ఉన్నది దాని సంతతియే. అది మిక్కిలి బరువు. అయినను దాని కడుపులోనిది నీరు గలిసిన ఆమ్లమే గనుక ఆ ద్రవమునకు నిప్పంటుకొనదు. లిథియమ్ త్రోవ వేరు. 1817లో స్వీడనులో కనుగొనబడిన యీ లోహము లోహములన్నిటిలోను తేలికయైనది. కొంచెము బరువులో హెచ్చు శక్తిని నిలువజేయుటకు దీనికి సాటి వచ్చునది దొరకుట కష్టము. కాని నీరు తగిలినచో లిథియము ఊరకుండదు. కావున లిథియమ్ బ్యాటరీలో నీటికి బదులు, మండు స్వభావము గల కర్బన ద్రవమును బోయవలసివచ్చెను. చిక్కంతయు నిక్కడనే యున్నది.

1970 దాటిన పిమ్మట అమెరికాలో విట్టింగ్‌హామ్, 1980లో ఆక్స్‌ఫర్డులో గుడెనఫ్, 1985లో జపానులో యోషినో, ఒకరి వెనుక నొకరు ఈ విద్యను ముందునకు నడిపిరి. శుద్ధ లిథియమ్ లోహముతో జేసిన బ్యాటరీలు చేతిఫోనులలో నంటుకొనగా, 1989లో కెనడా దేశపు మోలీ ఎనర్జీ సంస్థ వానిని వెనుకకు దీసికొనవలసివచ్చెను. శుద్ధ లోహమును విడిచి యోషినో గూర్చిన పద్ధతియే నిలిచినది. 1991లో సోనీ సంస్థ అట్టి బ్యాటరీని అంగడికి దెచ్చెను. ఆ ముగ్గురు పండితులకును 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏండ్లు. ఈ మాట మన యీడువారు విని సంతోషింపదగినది.

ఈ బ్యాటరీలో ధన, ఋణ భాగములను వేరుపరచునది తలవెండ్రుకకంటె పలుచనైన పొర. ఆ పొర చినిగినను కరగినను రెండు భాగములు నొకదానినొకటి తాకి వేడి పుట్టును. వేడికి ద్రవము ఆవిరియై మండును. అమరము వల్లించినవారికి అగ్నికి ఆశ్రయాశుడను పేరు గలదని తెలియును. తానాశ్రయించిన దానినే భక్షించువాడని యర్థము. చిన్ననాడు దానిని అర్థము తలపక వల్లించితిని. ఈ బ్యాటరీ సంగతి చదివిననాడు గదా ఆ పేరు నాకు బోధపడినది! దీపముపై కుండ బోర్లించినచో గాలి లేక ఆరిపోవును. ఈ బ్యాటరీయో, వేడెక్కినపుడు తనలోని పదార్థమునుండియే ప్రాణవాయువును కొంత విడుచును. బయటి గాలిని మూసినను లోపలి వేడి యాగదు. ఒక గదినుండి ప్రక్కగదికి, దానినుండి మరియొకదానికి ఆ వేడి ప్రాకుచు పోవును. లాప్‌టాప్ బ్యాటరీలో నట్టి గదులు పెక్కులుండును.

లోకమునకు ఈ ముప్పు బాగుగా దెలిసినది 2006లో. ఆ యేటి జూనులో జపానులోని ఒసాకా నగరమున ఒక సభలో బల్లమీది లాప్‌టాప్ భగ్గుమని మండెను. దాని ఛాయాచిత్రములు దేశదేశములకు బోయినవి. ఆగస్టు 14వ తేదీన డెల్ సంస్థ 41 లక్షల బ్యాటరీలను వెనుకకు బిలిచెను. పదిదినములకు ఆపిల్ సంస్థ మరి 18 లక్షలను బిలిచెను. రెంటిలోపలి గదులును సోనీ చేసినవే. చేయునపుడు లోహపు నలుసులు లోపల బడుటయే కారణమని తేలినది. అన్నములో రాయి పంటికి దగిలినచో ఉమిసివేయవచ్చును. ఈ నలుసు కంటికే కనబడదు.

ఆ యేడే ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చేరుచున్న ఒక సరకుల విమానములో పొగ లేచెను. నడుపువారు ముగ్గురు నెట్లో దించి బయటపడిరి, విమానము కాలిపోయెను. సరకులో లాప్‌టాప్ బ్యాటరీలు గలవు. వానివలననే నిప్పు పుట్టెనని మాత్రము నిర్ధారణ కాలేదు. 2008 జనవరి 1వ తేదీనుండి అమెరికా ప్రభుత్వము, యంత్రములో నమర్చని విడి లిథియమ్ బ్యాటరీలను క్రింది సామానులో బెట్టగూడదని శాసించెను. నా పెట్టెను దెరిపించిన రూలునకు మొదలు అది.

అటుపిమ్మట 2010 సెప్టెంబరు 3వ తేదీ వచ్చినది. దుబాయినుండి జర్మనీకి సరకులతో ఒక పెద్ద బోయింగు విమానము సాయంకాలమున బయలుదేరెను. అందు వేలకొలది లిథియమ్ బ్యాటరీలు గలవు. ప్రయాణికులు లేరు, నడుపువారు ఇద్దరే. బయలుదేరి ఇరువదిరెండు నిమిషములైనంతట, 32 వేల అడుగుల యెత్తునకు చేరుచుండగా, నిప్పు గంట మ్రోగెను. దోహా కొంత దగ్గర. కాని వారు దుబాయికే మరలిరి. అట్టి విమానమున సరకుల అంతస్తులో నిప్పు పుట్టినచో అచటి గాలిని పలుచజేసి దాని నణచుట పద్ధతి. వారట్లే చేసిరి. ఆశ్రయాశుడు లోబడలేదు. పొగ ముందుగదిని నింపెను. పెద్ద పైలటునకు ప్రాణవాయువు రాకుండపోగా, దానిని వెదకుకొనుచు ఆసనము విడిచి వెనుకకు బోయెను, మరల రాలేదు. రెండవయతనికి ఎదుటనున్న గడియారములును, రేడియో మీటలును కనబడలేదు. తాను మాటాడు స్థానమును మార్చుకొనజాలక, ఆ దారిని బోవు ఇతర విమానములవారు అందించిన మాటలనే నమ్ముకొని, గ్రుడ్డివానివలె అంత విమానమును దుబాయిదాక దెచ్చెను. విమానాశ్రయము మీదుగా దాటిపోయి కొన్ని మైళ్ళ దూరమున కూలెను. గంట మ్రోగినది మొదలు అంతము వరకు సుమారు అరగంట. నేలమీద నెవ్వరికిని ప్రాణహాని కలుగలేదు.

నేనీ వృత్తాంతమును చదివిన రాత్రి నిద్రపోలేదు. బల్లమీద విప్పిన నా పెట్టెయే కన్నులకు గట్టినది. ఆ జాడీ ప్రక్క నేను నిమిడ్చినది ఏమి? నేను కసరిన పిల్లవాడు చేసినది ఏమి?

2011 జులై 28వ తేదీన కొరియా దేశపు సరకుల విమానము మరియొకటి నిప్పుబడి జేజు ద్వీపము కడ సముద్రమున గూలి, ఇద్దరు పైలట్లు మరణించిరి. అందును లిథియమ్ బ్యాటరీలును, మండు ద్రవములును గలవు. మొదట నంటుకొన్నదేదో తేలలేదు. 2016 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రయాణికుల విమానములలో లిథియమ్ అయాన్ బ్యాటరీలను విడిసరకుగా వేయగూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించెను.

2017 మార్చిలో విచిత్రమొకటి జరిగెను. అమెరికా, బ్రిటను ప్రభుత్వములు దుండగుల భయముచేత, పశ్చిమాసియా ప్రాంతపు కొన్ని విమానాశ్రయములనుండి వచ్చువారు లాప్‌టాప్‌లను పైకి దేగూడదనియు, క్రింది సామానులోనే వేయవలెననియు ఆజ్ఞాపించిరి. అనగా నేను ఆ యువకునితో చేసిన వాదమునకు ప్రభుత్వముద్ర పడినట్లైనది! ఆ యేడే అమెరికా విమానయాన శాఖవారు పరీక్షించి చూచిరి. బట్టలు నిండిన పెట్టెలో లాప్‌టాప్ నుంచి, దాని ప్రక్క తలకు జల్లుకొను సుగంధపు డబ్బా బెట్టి, బ్యాటరీని వేడిచేసిరి. నిమిషము నిండకమునుపే డబ్బా ప్రేలినది. ప్రయాణికుల విమానములో సామానుగది నిప్పునార్పుటకు హాలన్ అను వాయువును నింపి యుంతురు. అది మంటను గొంత యణచును గాని ఇట్టి ప్రేలుడును ఆపజాలదని తేలినది. ఆ జులైలోగా అమెరికావారి నిషేధము తొలగెను.

నా ప్రశ్నకు సమాధానము దొరకినది. క్రింద నంటుకొన్నచో చూచువారు లేరు. పైన నంటుకొన్నచో ప్రక్కవాడు కేకవేయును. పనివారు ఆర్పుసాధనముతో మంట నణచి, నీరు మీద మీద బోసి చల్లార్తురు. నీరు వేడిని లాగివేయును గనుక ఇచట నీరే ఔషధము.

ఆ దూరమును నానాటికి తగ్గుచున్నది. 2025 జనవరి 28వ తేదీన కొరియాలోని బుసాను నగరమున, బయలుదేరుటకు సిద్ధమైయున్న విమానములో తలపై నుండు సామానుగూటినుండి మంటలు లేచినవి. లోపలి 176 మందియు జారుడుబల్లలమీదుగా దిగి బ్రదికిరి. విమానపు పైకప్పు కాలిపోయెను. ఒక పవర్‌బ్యాంకే కారణమై యుండునని దర్యాప్తువారు భావించిరి. మార్చి 1వ తేదీనుండి ఆ దేశమువారు, పవర్‌బ్యాంకును తలపై గూటిలోను ఉంచరాదు, ఒంటిమీదనో ఎదుటి సంచిలోనో ఉంచుకొనవలెనని నియమించిరి.

ప్రయాణము చేయువారికి ఒక లెక్క చెప్పెదను. బ్యాటరీమీద వాట్-అవర్ అని యొక సంఖ్య యుండును. 100 లోపైనచో చేతిసంచిలో గొనిపోవచ్చును. 100 దాటి 160 వరకైనచో విమాన సంస్థవారి యనుమతి కావలెను. ఆపైన కూడదు. సంఖ్య లేకున్నచో వోల్టులను ఆంపియర్-గంటలతో గుణింపవలెను. ఇరువదివేల మిల్లీ ఆంపియర్ పవర్‌బ్యాంకు అనగా 20 ఆంపియర్-గంటలు, లోపల 3.7 వోల్టులు, గుణించిన 74. ఉబ్బిన బ్యాటరీని ఇంటనుండియే కదల్పరాదు. ఫోను ఆసనపు సందులో బడినచో ఆసనమును ముందువెనుకలకు జరపక పనివారిని బిలువుడు. నలిగిన బ్యాటరీయే అంటుకొనును.

వచ్చు మాఘమున మరల మా ప్రయాణము గలదు. మా యింటి యామె యిప్పుడే సామాను సర్దుచు, "ఆవకాయను పైకి రానీయరు, బ్యాటరీని క్రిందికి పోనీయరు, వీరి మడి మనకంటె పెద్దదండీ" అనుచున్నది. జాడీకి మూత బిగించి గుడ్డ కట్టినది. పవర్‌బ్యాంకును నా చొక్కా జేబు ప్రక్కన బెట్టినది. ఆ యువకుడు ఇంకను ఆ బల్లకడనే యుండునో లేదో.