ముదిమియు మతిమఱపును

మన యిండ్లలో ముదుసలి యొకమాటనే పదిమాఱులు చెప్పినయెడల దానికి చాదస్తమని పేరు పెట్టుదురు. ఆమెయే తాను భుజించిన సంగతి మఱచి, కోడలు తనకు అన్నము పెట్టలేదని పొరుగువారితో చెప్పినయెడల ఆ యింట కలహము పుట్టును. కోడలు అపవాదమునకు ఏడ్చును. కొడుకు తల్లిని కసరును. వైద్యునియొద్దకు మాత్రము ఆమెను ఎవ్వరును తీసికొనిపోరు. ఏలయన, ముదిమియందు మతి పోవుట పండుటాకు రాలుటవంటిదని మనవారి నమ్మకము. ఈ నమ్మకము మనదేశమునకు మాత్రమే చెందినది కాదు. పాశ్చాత్య వైద్యులు సయితము చిరకాలము దీనినే పట్టుకొని యుండిరి. అది యెట్లు సడలెనో విచారించుట మనకు ప్రయోజనకరము.

1901వ సంవత్సరమున జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టు వైద్యశాలలో ఆగుస్టె అను 51 ఏండ్ల స్త్రీ చేర్పబడెను. ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు ఆమెను ప్రశ్నించి యుత్తరములను వ్రాసికొనెను. ఆమె తన పేరు వ్రాయబూని నడుమనే మఱచిపోవుచుండెను. 1906లో ఆమె మరణింపగా ఆయన మెదడును పరీక్షించి, అది కృశించియుండుటయు, కణముల నడుమ మచ్చలును లోపల చిక్కుపడిన పోగులును ఉండుటయు కనుగొనెను. 1910లో క్రేపెలిన్ పండితుడు ఆ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరే పెట్టెను. అయినను ఆమె ముదుసలి కాకపోవుటచేత, ఇది నడివయస్సువారికి వచ్చు అరుదైన వ్యాధియనియు, వృద్ధుల మఱపు వేఱనియు వైద్యులు తలంచిరి. 1968లో ఇంగ్లాండునందలి న్యూకాజిల్ నగరమున బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ అను మువ్వురు, మతిచెడిన వృద్ధుల మెదడులందును ఆ మచ్చలే యుండుననియు, అవి హెచ్చినకొలది మతి తగ్గుననియు చూపిరి. ముదిమికిని వ్యాధికిని గల భేదము తెలియుటకు ఇంచుమించు అఱువదియేండ్లు పట్టెను.

అయితే మఱపంతయు ఈ యొక్క వ్యాధివలననే కలుగునని తలంపరాదు. రక్తపుపోటు, మధుమేహము అదుపు తప్పి మెదడు నాళములు మూసికొనిపోయినను మతి చెడును. థైరాయిడ్ గ్రంథి మందగించుట, మనోవ్యాకులత, నిద్రమందులు, మద్యము, క్రిందపడినప్పుడు తలలో రక్తము గడ్డకట్టుట, తుదకు చెవుడు సయితము మఱపువలె కనుపట్టును. వీనిలో పెక్కు చికిత్సకు లొంగునవి. విటమిన్ల లోపము అట్టిదే. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును నిర్మించెను. ఆయన మరణించిన 1948వ సంవత్సరముననే బి-12 విటమిను వేఱుచేయబడెను. బి-12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లుండి నరముల చేటు లోలోపల సాగుచునే యుండును. కావున పరీక్ష లేని చికిత్స ప్రమాదకరము.

ఇక పరీక్షించుట యెట్లు? 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ మొదలగువారు ముప్పది మార్కుల ప్రశ్నావళి నొకదానిని ప్రకటించిరి. అందు నేటి తేదీ చెప్పవలయును. నూటినుండి ఏడేసి తీసివేయవలయును. ఒక వాక్యము వ్రాయవలయును. బడి గడప త్రొక్కని మన యవ్వలను ఈ త్రాసున తూచినచో తేలునది వారి చదువా, మతియా? ఈ చిక్కును గుర్తించియే 1995లో హర్యానాయందలి బల్లభ్‌గఢ్ గ్రామములలో అక్షరాస్యులు కానివారికొఱకు హిందీలో ప్రత్యేకపరీక్ష సిద్ధపఱచిరి. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారికి మతి చెడుట సుమారు నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా ఆరంభమైనదని 2013లో ప్రకటించిరి. చదువు లేనివారియందును ఈ భేదము కానవచ్చెను. మనస్సునకు పలకాబలపములు మాత్రమే వ్యాయామము కావని దీనివలన తెలియుచున్నది.

నల్లగొండసీమయందలి వేములపల్లిలో నొక వృద్ధకృషీవలుని తలంచుకొందము. ఇంగ్లీషు తేదీ ఆయన యెన్నడు నెఱుగడు. కాని 1967లో సాగరు కాలువలకు నీరు విడిచినప్పటి సంగతులు చెప్పగలడు. తేదీ తెలియకపోవుట ఆయనకు వ్యాధి కాదు. పాతసంగతులు చెప్పగలుగుట ఆరోగ్యమునకు నిదర్శనమును కాదు. ఏలయన ఈ వ్యాధి తఱుచుగా నిన్నటి మాటను ముందు తినివేసి, నలువదియేండ్లనాటి దానిని కడపటికి విడుచును. నిన్న ఏ మడికి నీరు కట్టెనో, ధాన్యపు లెక్క తప్పుచున్నాడో, తెలిసిన దారిలో తడబడుచున్నాడో అడుగవలయును. ఈ ప్రశ్నలకు ఆయనకంటె ఇంటివారే చక్కగా ఉత్తరమీయగలరు. అన్నము పెట్టలేదని నిందపడిన కోడలి సాక్ష్యమే వైద్యునకు అన్నిటికంటె విలువైనది.

మిర్యాలగూడలో ప్రభుత్వవైద్యశాల యున్నది. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో వైద్యకళాశాలలు వెలసినవి. మఱపు ఎప్పుడు మొదలయ్యెనో, మెల్లగా వచ్చెనో హఠాత్తుగా వచ్చెనో, ఏ మందులు వాడుచున్నారో కాగితముపై వ్రాసికొని వృద్ధులను వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు. రక్తపరీక్ష, వినికిడిపరీక్ష, అవసరమైనచో మెదడు చిత్రము తీయించుడు. ఒకటి రెండు దినములలోనే మతి తలక్రిందులైనయెడల నాడే తీసికొనిపోవలయును.

కుదురని వ్యాధి యని తేలినను పరీక్ష వ్యర్థము కాదు. మతి యుండగానే ఆస్తివిషయమున వృద్ధుల యిష్టము తెలిసికొనవచ్చును. పిమ్మట ఎవరో వేలిముద్ర వేయించుకొని మోసగించు భయము తగ్గును. అన్నిటికంటె ముఖ్యముగా, తల్లి యబద్ధమాడలేదనియు, కోడలు పస్తుంచలేదనియు ఆ యింటివారికి తెలియును. రోగమునకు రోగమని పేరు పెట్టినదాక ఆ యింటిలో ఎవరో యొకరు దోషులుగా నిలువవలసినదే.