ఓడల కోసం పుట్టిన అంకెలు

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కళింగపట్నం నుంచి కృష్ణపట్నం దాకా రేవుల్లో నంబర్లు ఎగురుతాయి. ‘మచిలీపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న మాట వినకుండా తీరంలో ఎవరూ పెరిగి ఉండరు. ఆ అంకె ఎవరి కోసం పుట్టిందో, ఏం చెబుతుందో మాత్రం చాలామందికి తెలియదు.

కథ కలకత్తాలో మొదలైంది. హెన్రీ పిడింగ్టన్ ఓడలు నడిపి, తర్వాత ఆ నగరంలో స్థిరపడ్డ ఇంగ్లీషువాడు. తుపానులో చిక్కి బతికి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ గంటకు గాలి ఎటు వీచిందో వరస పెట్టి చూశాడు. 1789లో కోరంగి రేవును ముంచిన ఉప్పెన గురించీ రాశాడు. 1848లో నావికుల కోసం ఒక పుస్తకం వేసి, దాంతో పాటు కొమ్ముతో చేసిన పల్చటి పారదర్శక రేకులు ఇచ్చాడు. వాటి మీద సుడిగాలి వలయాలు గీసి ఉండేవి. కెప్టెన్ ఆ రేకును సముద్రపటం మీద పరచి, తనకు తగులుతున్న గాలి దిశను బట్టి తుపాను కన్ను ఎక్కడుందో, తన ఓడ దానికి ఏ పక్కన ఉందో అంచనా కట్టేవాడు. ఏ పక్కన ఉన్నామన్నదే ప్రాణాలు నిలిపే ప్రశ్న అని అతను గ్రహించాడు.

పిడింగ్టన్ 1858లో చనిపోయాడు. ఆరేళ్లకు, 1864 అక్టోబరు 5న తుపాను కలకత్తాను ఊడ్చేసింది. నెల తిరగకుండానే, నవంబరు 1 రాత్రి, సముద్రం బందరు (మచిలీపట్నం) మీద పడింది. ఆ ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారని లెక్క. మరుసటి ఏడు, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. పదేళ్లకు, 1875లో, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఆధ్వర్యంలో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. క్రమంగా రేవులన్నిటికీ ఒకే సంకేతాల పద్ధతి వచ్చింది. పగలు స్తంభానికి శంకువు, పీపా ఆకారాలు వేలాడదీసేవారు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. దూరాన ఉన్న ఓడవాడికి అక్షరాలు కనపడవు, ఆకారాలు కనపడతాయి.

ఆ సంకేతాలకు పెట్టిన నంబర్లు పదకొండు. ఒకటి, రెండు సముద్రంలో ఎక్కడో దూరాన వాయుగుండమో తుపానో ఉందని చెబుతాయి. మూడు అంటే రేవులో ఈదురుగాలులు రావచ్చు, జాగ్రత్త అని మాత్రమే. నాలుగు అంటే సముద్రంలోని తుపాను మున్ముందు రేవు మీదికి రావచ్చు. పత్రికలు మూడో నంబరుకే ‘ప్రమాద’ అని తగిలిస్తాయి గానీ, అసలు ప్రమాద సంకేతాలు అయిదు నుంచి మొదలవుతాయి. అయిదు అంటే తుపాను రేవును తన ఎడమ పక్కన ఉంచి తీరం దాటుతుంది. ఆరు అంటే కుడి పక్కన ఉంచి దాటుతుంది. ఏడు అంటే రేవు మీదుగానో దగ్గరగానో. తీవ్ర తుపానుకు ఇదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. అంటే తొమ్మిదో నంబరు ఎనిమిది కంటే ఒక మెట్టు పెద్ద తుపాను కాదు. తుపాను తీవ్రత అదే, రేవు ఉన్న పక్క వేరు.

పక్క మారితే ఏమవుతుంది? అది తెలియాలంటే తుపాను ఎలా పుడుతుందో, ఎటు తిరుగుతుందో చూడాలి. సముద్రపు నీరు 26, 27 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆవిరి ఎగసి, పైన చల్లబడి, ఉప్పు రేణువుల చుట్టూ చుక్కలై మేఘమవుతుంది. అలా చుక్కలయ్యేటప్పుడు ఆవిరిలో దాగిన వేడి బయటికొస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టూ ఉన్న గాలి లోపలికి దూసుకొస్తుంది. భూభ్రమణం వల్ల అది మన అర్ధగోళంలో గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. పడమరకు నడిచే తుపానుకు కుడివైపు, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది. నీటిని ఊళ్లలోకి నెట్టేది ఆ గాలే.

1977 నవంబరు 19న తుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. దివిసీమ దానికి కుడివైపున ఉంది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల మీదికి అయిదు మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. పదివేల మంది దాకా చనిపోయారు. అప్పటికి విశాఖలో తుపానులను పసిగట్టే రాడార్ ఉంది, రేడియో ఉంది. హెచ్చరిక వెలువడటం వేరు, కరెంటు పోయిన చీకట్లో అది లంక గుడిసె దాకా చేరడం వేరు.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి. 2014లో హుద్‌హుద్ విశాఖలో తీరం దాటే చోటును ముందే చెప్పగలిగారు, లక్షల మందిని తరలించారు. కానీ నంబర్లు మాత్రం ఇంకా ఓడల భాషలోనే వినిపిస్తున్నాయి. వార్త రాసేవారు, చదివేవారు అంకెతో ఆగకుండా, తుపాను ఎక్కడ దాటుతుందో, ఏయే మండలాలు దానికి కుడివైపున పడతాయో ప్రతి బులెటిన్‌లో చెప్పాలి. ఎడమవైపు వారికీ గాలివానలు తప్పవు కాబట్టి వారూ ఏమరకూడదు. కుడివైపున, సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్నవారు మాత్రం ఎనిమిదా, తొమ్మిదా, పదా అని లెక్కపెడుతూ కూర్చోకుండా ముందే బయల్దేరాలి.