కరెంటు లేని ఊళ్ళో రేడియో

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. అప్పటికి విద్యుత్తు చేరని పల్లెలలో రేడియోకు బ్యాటరీయే ప్రాణం. మరల మరల చార్జి చేయదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే నిర్మించాడు.

సెట్టు మూగబోతే మొదట పరీక్షించవలసినది బ్యాటరీనే. అడవులదీవి వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలికి దాని కొసలు త్వరగా చిలుము పడతాయి. ఆ చిలుమును తుడిచి, వాజలీను రాయాలి. లోపలి ద్రవం తగ్గితే స్వేదనజలమే పోయాలి. ఆవిరయ్యేది నీరే కాని ఆమ్లం కాదు. చార్జి దిగిన బ్యాటరీని రోజుల తరబడి వదిలితే పలకలపై సల్ఫేటు గట్టిపడి, తిరిగి చార్జి పట్టదు.

నేటి లిథియం బ్యాటరీలకు నీరు పోసే పని లేదు. వాటి పరీక్షాక్రమం ఇది: ముందు చార్జరు, తీగ, తరువాత కొసలు, చివరికి బ్యాటరీ. అది ఉబ్బితే మాత్రం పొడవరాదు, విప్పరాదు, చార్జి పెట్టరాదు, నిప్పంటుకుంటుంది.

ఇది వినోదానికై పడే శ్రమ మాత్రమే కాదు. 1977 నవంబరు 19న కృష్ణ ఆవలి దివిసీమను ఉప్పెన ముంచివేసింది. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు హెచ్చరిక ఇంటికి చేరేది చార్జి నిండిన బ్యాటరీ ఉంటేనే.